తెలుగు పోస్టర్ చదవడానికి ఇబ్బందిగా ఉందంటే ఫాంట్ మారిస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న ఇదీ: అమలాపురం దగ్గర పల్లెలో కొత్తగా డీటీపీ సెంటర్ పెట్టారు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, పంచాయతీ నోటీసులు, వాట్సాప్ పోస్టర్లు చేస్తున్నారు. చూసినవాళ్లు "బాగుంది గానీ చదవడానికి ఇబ్బందిగా ఉందండీ" అంటున్నారు. అందుకని మంచి తెలుగు ఫాంట్లు ఏవో, డిజైన్ సూత్రాలు ఎక్కడ మొదలుపెట్టాలో, ప్రెస్‌కి ఫైల్ ఎలా పంపాలో చెప్పమన్నారు.

సూటిగా చెప్తాను. ఫాంట్ మార్చినంత మాత్రాన ఆ ఇబ్బంది పోదు. అది చాలావరకు లైన్ల మధ్య ఖాళీ వల్ల, అక్షరాల సైజుల వల్ల, దేని పక్కన ఏది పెట్టామన్న దాని వల్ల వస్తుంది. ఫాంట్ ఆఖర్న ఎంచుకోండి. ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి: ఎవరు చదువుతారు, ఎంత దూరం నుంచి చదువుతారు, ఎంతసేపు చూస్తారు, చదివాక ఏం చెయ్యాలి. ఇవి కాగితం మీద రాసుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎంత మంచి ఫాంట్ వేసినా మళ్లీ అదే మాట వినాల్సి వస్తుంది.

నేను రాజమండ్రిలో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మన దగ్గరికి వచ్చే కస్టమర్ ఒక దేవుడి ఫోటోనో, నాయకుడి ఫోటోనో తెచ్చి "ఇది పెద్దగా పెట్టండి, మేటర్ ఎక్కడైనా సర్దండి" అంటాడు. అంటే అతని లెక్కలో ఫోటోయే డిజైన్, అక్షరాలు మిగిలిన జాగాలో ఇరికించే సామాను. మనం కూడా అలాగే అనుకుంటే పని చెడుతుంది. ఆ పోస్టర్లోంచి ఫోటో తీసేసి చూడండి, విషయం ఇంకా అర్థమవుతుంది. అక్షరాలు తీసేస్తే అది ఏ ఊళ్లో ఏ కార్యక్రమమో ఎవరికీ తెలీదు. రేడియో, టీవీ లాగే రాసిన మాట కూడా ఒక మాధ్యమమే. దాని గొంతు పెద్దదా చిన్నదా, ముందు ఏం పలికింది, ఎక్కడ ఆగింది, ఇవన్నీ సైజు, బరువు (అంటే అక్షరం గీత లావు), ఖాళీ జాగాలతోనే చెప్పాలి.

శుభలేఖతో మొదలుపెడదాం, మీకు ఎక్కువ వచ్చే పని అదే కాబట్టి. మన శుభలేఖలో అందరికీ తెలిసిన చిక్కు ముహూర్తం దగ్గర ఉంటుంది. "గురువారం రాత్రి గం. 2.14 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)" అని రాస్తాం. ఇది ఒకటే ముక్క. విడగొట్టకూడదు. కానీ డబ్బాలో పట్టక "తెల్లవారితే శుక్రవారం" అన్నది కింది లైనుకి జారి, దాని కిందే కళ్యాణ మండపం పేరు వస్తే, చదివే కన్ను శుక్రవారాన్ని మండపంతో కలిపేస్తుంది. వేరే చోట వేయించిన ఒక కార్డులో సరిగ్గా ఇలాగే జరిగి, దూరపు బంధువులు కొందరు శుక్రవారం రాత్రికి దిగారు. పెళ్లి ఆ తెల్లవారుజామునే అయిపోయింది. కార్డులో అక్షరం తప్పు ఒక్కటీ లేదు, తారీఖు తప్పు లేదు. దగ్గర ఉండాల్సినవి దూరంగా, దూరంగా ఉండాల్సినవి దగ్గరగా పడ్డాయి. అంతే.

డిజైన్ పాఠాల్లో మొదట చెప్పే సూత్రం ఇదే: సంబంధం ఉన్నవి దగ్గర పెట్టు, లేనివి ఎడం చెయ్యి. కాబట్టి ముహూర్తం మొత్తం ఒకే లైనులో పట్టేలా సైజు తగ్గించండి. లేదా "గురువారం రాత్రి 2.14" ఒక లైను, "తెల్లవారితే శుక్రవారం" దానికి అంటుకున్నట్టు కింద చిన్నగా వేసి, ఆ తర్వాత ఒక లైను ఖాళీ వదిలి మండపం పేరు పెట్టండి. కార్డులో పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు ఎలాగూ పెద్దగా ఉంటాయి. వాటి తర్వాత పెద్దగా కనిపించాల్సింది ముహూర్తం, చోటు. బంధుమిత్రుల అభినందనల జాబితా కాదు. కస్టమర్ ఒప్పుకోకపోతే ఆ జాబితాని రెండో పేజీలోకి నెట్టండి. మా వైపు ఇది అలిగే దాకా వెళ్లే వ్యవహారం కాబట్టి ప్రూఫ్ మీద ఇంటి పెద్దాయన చేత సంతకం పెట్టించుకోండి.

శుభలేఖలో అన్నీ మధ్యకి సర్దడం ఆనవాయితీ, బాగానే ఉంటుంది. అదే అలవాటుగా నోటీసుల్ని, ధరల పట్టికల్ని, మీటింగ్ అజెండాల్ని కూడా మధ్యకి సర్దకండి. నాలుగు లైన్లు దాటిన మేటర్ ఏదైనా ఎడమ అంచుకి కలవాలి. కన్ను ప్రతిసారీ ఒకే చోటికి తిరిగి రావాలి కదా. రెండు వైపులా సమంగా లాగే జస్టిఫై కూడా సన్నటి కాలమ్‌లో వద్దు. తెలుగు మాటలు పొడుగు. "ఆహ్వానపత్రిక", "పునరావాసకేంద్రం" లాంటి మాట లైను చివర పట్టక కిందికి పోతే పైలైనులో మిగిలిన మూడు మాటల మధ్య గోదారంత ఖాళీ పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. తెలుగు అక్షరం నిలువుగా చోటు అడుగుతుంది. మీరు వాడే సాఫ్ట్‌వేర్లన్నీ ఇంగ్లీషు లెక్కలో లైన్ల మధ్య దూరం వేస్తాయి, మామూలుగా అక్షరం సైజుకి 120 శాతం. ఇంగ్లీషుకి అది చాలు, ఎందుకంటే కిందికి దిగే అక్షరాలు నాలుగైదే. మనకి పైన గుడి, గుడిదీర్ఘం, ఏత్వం, కింద వత్తులు, వత్తు కింద మళ్లీ వత్తు. ఒక్క లైను తీసుకోండి, అంతర్వేది తీర్థం పోస్టర్లో ఎప్పుడూ ఉండేదే:

శ్రీ లక్ష్మీనరసింహస్వామి వారి దివ్య కళ్యాణ మహోత్సవము

మొదటి అక్షరం "శ్రీ"లోనే కింద క్రావడి, పైన గుడిదీర్ఘం. "క్ష్మీ" దగ్గర క కింద ష వత్తు, దాంతో మ వత్తు, నెత్తిన గుడిదీర్ఘం. తర్వాత స్వా, వ్య, ళ్యా, త్స. లైను పొడుగునా ఏదో ఒకటి కిందికి వేలాడుతూనే ఉంది. దీని కింది లైనులో "భీష్మ ఏకాదశి" అని వస్తే, భీ మీది గుడిదీర్ఘం పోయి పైలైను వత్తుల్లో గుచ్చుకుంటుంది. దూరం నుంచి చూసేవాడికి అక్కడ నల్లటి ముద్ద కనిపిస్తుంది. చదవడానికి ఇబ్బంది అని మీ కస్టమర్లు అంటున్నది ఈ ముద్ద గురించే అని నా అనుమానం.

నేను పాటించే లెక్క: పేరాలకి అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు. అంటే 12 పాయింట్ల మేటర్‌కి లైను నుంచి లైనుకి 18 పాయింట్లు. వత్తులు తక్కువున్న రెండు లైన్ల హెడ్డింగ్ అయితే చేత్తో దగ్గరికి లాగి చూస్తాను. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్లు, అంటే అక్షరాలు పేర్చేవాళ్లు, లైనుకీ లైనుకీ మధ్య పట్టీ వేసి ఎడం పెంచేవాళ్లు, ఇప్పుడు అదే పనికి మనకి ఒక అంకె మార్చడం చాలు. ఐతే ఒక మాట గుర్తుంచుకోండి. కొన్ని తెలుగు యూనికోడ్ ఫాంట్లలో (ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెలుగుగానే కనిపించే కొత్త పద్ధతివి) పైనా కిందా ఖాళీ ముందే ఎక్కువ పెట్టి తయారుచేశారు. వాటికి మళ్లీ ఒకటిన్నర వేస్తే లైన్లు విడిపోయి దేనికది తేలిపోతుంది. అందుకని శాతం చూడకండి, మీ మేటర్‌లో వత్తులు ఎక్కువున్న లైను వెతికి దాన్ని చూడండి. "రాష్ట్ర", "స్త్రీ", "జ్యోత్స్న", "వశిష్ఠ", ఇలాంటివి పడిన లైను కింది లైనుకి తగలకుండా ఉంటే మిగిలినవి వాటంతటవే సర్దుకుంటాయి.

అక్షరాల మధ్య ఎడం పెంచే ట్రాకింగ్ జోలికి తెలుగులో వెళ్లకపోవడం మంచిది. ఇంగ్లీషు హెడ్డింగులు ఎడంగా వేస్తే స్టైల్‌గా ఉంటాయి. మనకి అలా వేస్తే, ముఖ్యంగా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో, తలకట్టు ఒకచోట, అక్షరం ఒకచోట, వత్తు ఇంకోచోట. అలాగే కోరల్‌డ్రాలో అను అక్షరాలకి ఔట్‌లైన్ ఇస్తే ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోటల్లా లోపలి గీతలు బయటపడతాయి. ముందు అక్షరాన్ని కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా మార్చి, ముక్కలన్నీ వెల్డ్ చేసి, అంటే ఒకటిగా అతికించి, ఆ తర్వాత ఔట్‌లైన్ ఇవ్వండి. మన సెంటర్లలో ఫ్లెక్సీల మీద కనిపించే ఆ గీతల అక్షరాలు సగం ఈ ఒక్క మెట్టు దాటేయడం వల్ల వచ్చేవే.

బోల్డ్ గురించి విడిగా చెప్పాలి. తెలుగులో క్యాపిటల్ అక్షరాలు లేవు. ఇటాలిక్ మనది కాదు. సాఫ్ట్‌వేర్ వంచితే గుండ్రటి అక్షరాలు పడిపోబోతున్నట్టు ఉంటాయి, వాడకండి. ఇక నొక్కి చెప్పడానికి మనకి మిగిలినవి బరువు, సైజు, రంగు, చుట్టూ ఖాళీ. ఇందులో అందరూ వాడేది బరువు. తెలుగు ఫాంట్లు చాలావాటికి ఒకే బరువు ఉంటుంది, అసలు బోల్డ్ ఉండదు. మీరు బీ బటన్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే చుట్టూ లావు చేస్తుంది. దాంతో లోపలి కన్నాలు మూసుకుపోతాయి. "రథోత్సవం"లో థ పొట్టలో చుక్క పూడిపోయి అది ధ అయి కూర్చుంటుంది. ష లోపలి గీత అల్లుకుపోతుంది. చిన్న సైజులో అయితే భ, బ ఏదో పోల్చుకోలేరు. నిజంగా బోల్డ్ ఉన్న ఫాంటే తీసుకోండి, లేదా పుట్టుకతోనే లావుగా ఉన్న వేరే ఫాంట్‌ని హెడ్డింగ్‌కి వాడండి. ఒక పేజీలో ఒకటో రెండో చోట్ల మాత్రమే బరువు పెంచండి.

సరే, ఫాంట్లు అడిగారు కదా. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవే చెప్తాను, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. పేరాలకి: మండలి, నోటో సెరిఫ్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు. ఒకే ఫాంట్‌లో సన్నం నుంచి లావు దాకా కావాలంటే: హింద్ గుంటూరు, అనేక్ తెలుగు, బాలూ తమ్ముడు 2. వీటిలో అనేక్‌ని వెడల్పు కూడా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పొడుగు పేర్లు ఇరుకులో పట్టించడానికి పనికొస్తుంది. బరువైన హెడ్డింగ్‌కి రామభద్ర. శుభలేఖ మీద పేర్లకి శ్రీకృష్ణదేవరాయ, రవిప్రకాష్ లాంటివి. ఒక డిజైన్లో రెండు ఫాంట్లు చాలు, మూడోది అవసరమైందంటే సైజులు సరిగ్గా చెయ్యలేదన్నమాట.

ఇంకొక సంగతి. ఒకే పాయింట్ సైజులో రెండు తెలుగు ఫాంట్లు పక్కపక్కన వేసి చూడండి. ఒకటి పెద్దగా, ఒకటి సగంలా కనిపిస్తుంది. పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు, అంటే సుమారు 0.35 మిల్లీమీటర్లు. కానీ ఆ కొలత అక్షరం కూర్చునే గడికి, అక్షరానికి కాదు. అందుకని "14 పాయింట్లు పెట్టాను, పెద్దదే" అనకండి. ప్రింట్ తీసి, వత్తూ గుడీ లేని "వ"నో "న"నో స్కేలు పెట్టి కొలవండి. ఇంగ్లీషు కలిసిన లైనులో ఇంగ్లీషు మాట పెద్దగా అరుస్తున్నట్టుంటే దాని సైజు ఒకటి రెండు పాయింట్లు తగ్గించండి.

బాపు గారి అక్షరాల మాట రాకుండా మన దగ్గర ఈ చర్చ ముగియదు. ఆయన నర్సాపురంలో పుట్టినవారు, ఆయన చేతిరాతని అనుసరించిన ఫాంట్ శుభలేఖల మీద, కొట్ల బోర్డుల మీద గోదావరి రెండు ఒడ్ల మీదా కనిపిస్తుంది. నాకూ ఇష్టమే. పేర్లకి, ఒక లైను హెడ్డింగ్‌కి అంత అందమైనది లేదు. కానీ అదే అక్షరంతో పది లైన్ల పేరా కొడితే చదివేవాడు రెండో లైనుకే అలిసిపోతాడు. చేతిరాతలో ప్రతి అక్షరం నన్ను చూడు అంటుంది, పేరాలో అక్షరాలు అలా అనకూడదు. అలాగే సందర్భం చూసుకోండి. పెద్దకర్మ కార్డు మీద పెళ్లికార్డు వంపుల ఫాంట్ వేసిన సెంటర్లు ఉన్నాయి. దాని మీద పేరు, తేదీ, చోటు, నల్లటి సాదా అక్షరాలు, చాలినంత ఖాళీ ఉంటే చాలు.

నోటీసుల దగ్గరికి వద్దాం. మీరు పంచాయతీ పనులు చేస్తున్నానన్నారు కాబట్టి ఇది మీకు నిజంగా అవసరం. ఒక వరదల సమయంలో గోదారి పాయల మధ్య ఉన్న లంక ఊరి కుర్రాళ్లు కొందరు ఒక నోటీసు తెచ్చి దీన్ని పెద్దగా ప్రింట్ తీయమన్నారు. మేటర్ ఇలా ఉంది:

"ఇందుమూలముగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గోదావరి నదికి వరద ఉద్ధృతి అధికమగుచున్నందున, దవళేశ్వరం వద్ద రెండవ ప్రమాద హెచ్చరిక జారీ అయినందున, లంక ప్రాంత ప్రజలు అప్రమత్తముగా ఉండి సురక్షిత ప్రాంతములకు తరలి వెళ్ళవలసినదిగా కోరడమైనది."

అన్నిటికన్నా పెద్ద అక్షరాలు "ఇందుమూలముగా" అన్న మాటకి. వెళ్లమన్నది ఆఖర్న, అన్నిటికన్నా చిన్నగా. ఎక్కడికి వెళ్లాలో, ఎప్పటిలోగా వెళ్లాలో లేనే లేదు. దీన్ని ఎంత పెద్ద ప్రింట్ తీసినా లాభం ఏముంది? వాళ్లని కూర్చోబెట్టి ఆ రెండు వివరాలూ అడిగి ఇలా మార్చాం:

వరద: రెండో ప్రమాద హెచ్చరిక
సాయంత్రం 5 లోపు రేవు దగ్గరికి రండి. పడవలు ఉన్నాయి.
ఉండే చోటు: హైస్కూలు
తెచ్చుకోండి: మందులు, ఆధార్, చంటిపిల్లల పాలు
దవళేశ్వరం నీటిమట్టం: ........ అడుగులు, ........ గంటలకు

మొదటి రెండు లైన్లు బాగా పెద్దవి. మూడూ నాలుగూ వాటిలో సగం. ఆఖరిది చుక్కలు వదిలేశాం, మార్కర్‌తో ఎప్పటికప్పుడు రాసుకోవడానికి. ఎందుకంటే లంకల్లో వాళ్లకి ఆ అంకే అసలు వార్త. దవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని అక్కడ ముసలివాళ్లకి నోటికి వచ్చు. అంకె చూసి తమ ఇంటి మెట్టు ఎప్పుడు మునుగుతుందో వాళ్లే లెక్క కట్టుకుంటారు. అదే నోటీసుని హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోన్‌లో చూస్తే అతనికి 13.75 అంటే ఏమీ తెలీదు, "రెండో ప్రమాద హెచ్చరిక" అన్న మాట కావాలి. ఒకే కాగితం ఇద్దరు చదువుతున్నారు, ఇద్దరికీ కావాల్సింది వేరు. అందుకే రెండూ ఉంచాం, పక్కపక్కన కాకుండా ఒకటి నెత్తిన, ఒకటి అడుగున.

రంగు పసుపు మీద నలుపు. కుర్రాళ్లు ఎరుపు అడిగారు, ప్రమాదం కదా అని. ఎరుపు మీద నల్ల అక్షరం సాయంకాలం వెలుతురులో మాయమైపోతుంది. రంగు అంటే గుర్తొచ్చింది, ఎరుపూ ఆకుపచ్చా ఒకదానిమీద ఒకటి వేయకండి. రెండూ ఇంచుమించు ఒకే ముదురు కాబట్టి అక్షరాల అంచులు కదులుతున్నట్టుంటాయి. కంప్యూటర్లో డిజైన్ మొత్తం ఒకసారి బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తే తెలిసిపోతుంది: అక్షరం, వెనక రంగు రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే రంగులు మార్చాలి.

వాట్సాప్‌లో తిరిగే నోటీసుకి ఇంకో జాగ్రత్త ఉంది, ఇది డిజైన్ కన్నా పెద్దది. తేదీ, సమయం, ఎవరు జారీ చేశారు అన్నవి బొమ్మ లోపలే ఉండాలి. బొమ్మతో పాటు పంపిన మెసేజ్ ఫార్వర్డ్‌లో ఊడిపోవచ్చు, బొమ్మ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. 2022 జులై వరద నోటీసు ఇంకో వరదలో ఇవాళ్టిదే అన్నట్టు గ్రూపుల్లోకి వస్తే, దాన్ని ఆపగలిగేది దాని మీద ఉన్న తేదీ ఒక్కటే. "నేడు", "రేపు" అని రాయకండి. వారం, తారీఖు, సంవత్సరం రాయండి. మూలన అర్థం కానంత చిన్నగా కాదు, ఫోన్ నంబరంత సైజులో.

ఫోన్‌లో సైజు ఎంత ఉండాలి? 1080 పిక్సెళ్ల చదరం బొమ్మ ఫోన్ తెరమీద సుమారు ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పులో కనిపిస్తుంది. అంటే మిల్లీమీటరుకి 16, 17 పిక్సెళ్లు. "వ" అక్షరం రెండు మిల్లీమీటర్లైనా లేకపోతే నలభై దాటినవాళ్లు చదవరు, కాబట్టి గుడులు, వత్తులు లేని అక్షరమే 35 పిక్సెళ్ల ఎత్తు ఉండేలా చూసుకోండి. మీ మేటర్ అంత సైజులో పట్టడం లేదంటే మేటర్ ఎక్కువైందని అర్థం. రెండు బొమ్మలు చెయ్యండి. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ నలిపెయ్యదు.

ఫ్లెక్సీలు, బోర్డులకి దూరం లెక్క. బోర్డులు రాసేవాళ్ల మోటు లెక్క ఒకటుంది: హాయిగా చదవాలంటే ప్రతి పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. ఇది ఇంగ్లీషు క్యాపిటల్స్ చూసి పుట్టిన లెక్క. మనం దాన్ని గుడీ వత్తూ లేని అక్షరానికి వేసుకోవాలి, వాటితో కలిపి కాదు. కడియం వైపు హైవే పక్కన నర్సరీ బోర్డులు చూడండి. కొన్నిటి మీద మొక్కల జాబితా మొత్తం ఉంటుంది. గంటకి 60 కిలోమీటర్ల మీద వచ్చే కారు మూడు సెకన్లలో 50 మీటర్లు దాటేస్తుంది. అంతలో నర్సరీ పేరు, బాణం గుర్తు, ఇంకో రెండు మాటలు, అంతే చదవగలరు. జాబితా లోపల గేటు దగ్గర పెట్టుకోవాలి, అక్కడ నిలబడి చదువుతారు.

దూరాన్ని షాపులోనే పరీక్షించే పద్ధతి చెప్తాను. పది అడుగుల ఫ్లెక్సీని పది అంగుళాల వెడల్పుగా ప్రింట్ తీయండి. పన్నెండో వంతు అయింది కదా. అరవై అడుగుల దూరం నుంచి చదవాల్సిన ఫ్లెక్సీ అయితే ఈ కాగితాన్ని గోడకి అంటించి ఐదు అడుగుల దూరంలో నిలబడండి. చదవగలిగినంతే రోడ్డు మీదా చదవగలరు. షాపుకి వచ్చిన ఎవరి చేతనైనా చదివించండి, మేటర్ టైప్ చేసినవాళ్ల చేత మాత్రం వద్దు. వాళ్లకి అది కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

పుట్టినరోజు ఫ్లెక్సీల గురించి ఒక్క మాట, ఎందుకంటే దాన్ని ఏ పాఠంలోనూ చెప్పరు. అందులో ఇరవై ముఖాలు, ఇరవై పేర్లు. ఒక పేరు కాస్త చిన్నదైతే మర్నాడు మీ షాపు ముందు పంచాయితీ. ఇక్కడ కాపాడేది ఒకే రకం పదేపదే వాడటం: ఫోటోలన్నీ ఒకే కొలత, పేర్లన్నీ ఒకే ఫాంట్, ఒకే సైజు, కింది అంచు ఒకే గీత మీద. పొడుగు పేరు పట్టకపోతే దాన్నొక్కదాన్నీ కుదించకండి, అన్నిటి సైజూ తగ్గించండి.

ఆత్రేయపురం పూతరేకుల డబ్బాల లాంటి లేబుల్ పని వస్తే ముందు చట్టం చూసుకోండి. ప్యాకెట్ వస్తువుల మీద తప్పనిసరి వివరాలు హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. అక్షరాల, అంకెల కనీస ఎత్తు మీద కూడా లీగల్ మెట్రాలజీ 2011 నిబంధనలు ఉన్నాయి. వాటికి ముందు జాగా కేటాయించి, మిగిలినదాంట్లో అందం చూసుకోండి.

ఇక ఫైళ్ల సంగతి. అనులో టైప్ చేసిన మేటర్ పేజ్‌మేకర్‌లో బాగానే ఉంటుంది, అదే కాపీ చేసి ఫోన్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం వస్తుంది. అందుకని ఫోన్‌కి, వెబ్‌కి వెళ్లే ప్రతిదీ యూనికోడ్‌లో చెయ్యండి. ప్రెస్ వాళ్లు అను అడిగితే వాళ్ల కోసం విడిగా టైప్ చేసే బదులు పీడీఎఫ్ ఇవ్వండి. ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు విరిగిపోయి "కృష్ణ" ముక్కలుగా కనిపిస్తుంటే ఫాంట్‌ని తిట్టకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోవాలి, ఇది పాత వెర్షన్ల సంగతి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ని వరల్డ్ రెడీకి మార్చాలి. "సాఫ్ట్‌వేర్", "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరానికి వత్తుగా అంటుకుపోతుంటే మధ్యలో కనిపించని విడదీత అక్షరం వెయ్యాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మీ కీబోర్డులో అది ఎక్కడుందో వెతికి పెట్టుకోండి.

ప్రెస్‌కి పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్ చేసి పీడీఎఫ్ ఇవ్వండి. కర్వ్స్ చేయని ఫైల్ ఒకటి మీ దగ్గర తప్పకుండా ఉంచుకోండి, రేపు ముహూర్తం మారిందంటారు. కార్డులకి ఫోటోలు 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయేలా అంచు దాటించి వేసే రంగు). ఫ్లెక్సీకి అసలు కొలతలో 72 నుంచి 100 డీపీఐ సరిపోతుంది. చిన్న నల్ల అక్షరాలు ఒట్టి నలుపు ప్లేటు మీదే ఉండాలి, అంటే సీఎంవైకేలో, ప్రింటింగ్ నాలుగు రంగుల లెక్కలో, కే (నలుపు) 100, మిగిలినవి సున్నా. నాలుగు రంగులు కలిపిన నలుపు అయితే ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా వత్తుల చుట్టూ రంగు నీడలు వస్తాయి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు వేసేటప్పుడు సన్నటి ఫాంట్ వద్దు, సిరా పాకి లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

మీరు చేసిన పోస్టర్ ఒకటి ఇక్కడ పెట్టండి, ఫోన్ నంబర్లు, పేర్లు చెరిపేసి. ఏ లైను దగ్గర ముద్ద అవుతోందో గుర్తుపెట్టి చూపిస్తాను.